లిజానో సాస్ రివ్యూ: గాయో పింతో రుచి సీసాలో ఉందా, బీన్స్ గిన్నెలో ఉందా?

కోస్తారికాకి ఉద్యోగం మీద వచ్చిన మనవాళ్ళు శాన్ హోసేలోనో, పక్కనున్న ఎరేదియాలోనో దిగిన కొద్దిరోజులకే ఒక మాట అడుగుతారు. "హోటల్‌కి వెళ్తే ప్రతి టేబుల్ మీదా ఆ బ్రౌన్ కలర్ సాస్ ఉంటుందేంటి, ఇంటికి ఒకటి కొనుక్కోవచ్చా?" అని. కొనుక్కోండి, కాకపోతే చిన్న సీసా. అది పోసినంత మాత్రాన పొద్దున్నే బయట తిన్న గాయో పింతో, అంటే రాజ్మా లాంటి నల్ల బీన్స్, అన్నం కలిపి వేయించే టిఫిన్, ఇంట్లో తయారైపోతుందని మాత్రం అనుకోవద్దు. నన్నడిగితే ఆ రుచిలో ముప్పాతిక వంతు నల్ల బీన్స్ ఉడికిన నీళ్ళది, సాస్ వాటా పావు వంతు. అయితే ఆ పావు వంతు లేకపోతే కూడా ఏదో వెలితి తెలుస్తుంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

నేను చెప్పేది సల్సా లిజానో గురించి. 1920లో ఇక్కడి అలహువేలా అనే ఊళ్ళో మొదలైన సాస్, ఇప్పుడు యూనిలీవర్ చేతిలో ఉంది. దీనికోసం పెద్ద సూపర్‌మార్కెట్ దాకా వెళ్ళక్కర్లేదు, వీధి చివర ఉండే పుల్పెరియాలో, అంటే మన కిరాణా కొట్టు లాంటి దాంట్లో కూడా దొరుకుతుంది. 280 మి.లీ., 700 మి.లీ. సైజులు ఎక్కువగా కనిపిస్తాయి. పెద్ద సీసా లెక్కకి చవకే, కానీ ఒక్కరే ఉండేవాళ్ళకి అది ఎప్పటికీ తరగదు. లేబుల్ మీద చూస్తే నీళ్ళు, చక్కెర, ఉప్పు, ఉల్లి, క్యారెట్, కాలీఫ్లవర్, దోసకాయ లాంటి కూరగాయలు, మసాలాలు, ఆవాలు, పసుపు ఉంటాయి. శాకాహారులకి ఇక్కడ ఒక మంచి విషయం ఉంది. చూడ్డానికి వూస్టర్‌షైర్ సాస్‌లా ఉంటుంది కాబట్టి అదీ ఇదీ ఒకటేనని చాలామంది పొరపడతారు. వూస్టర్‌షైర్ సాస్‌లో మామూలుగా ఆంకోవీ చేప ఉంటుంది, ఇందులో చేప లేదు. అయినా కంపెనీలు ఎప్పుడు ఏం మారుస్తాయో చెప్పలేం కదా, కొనేముందు లేబుల్ మీద ఒకసారి కన్నేయండి.

స్పూన్‌లో కొంచెం పోసుకుని ఉత్తిదే నాకి చూస్తే ముందు తీపి తగులుతుంది, వెంటనే పులుపు, మింగేశాక గొంతు దగ్గర జీలకర్ర. కారం దాదాపు లేదు. "లాటిన్ అమెరికా సాస్ కదా, మంట పుట్టిస్తుంది" అనుకుని కొంటే డబ్బులు దండగ, దానికి చీలేరా అనే వేరే కారం సీసాలు ఉంటాయి, అవి కొనుక్కోవాలి. ఉప్పు మాత్రం బానే ఉంది, కాబట్టి వంటలో మీరు వేసే ఉప్పు తగ్గించాలి. ఇంకో సంగతి, సీసా కాసేపు కదలకుండా ఉంటే మసాలా అడుక్కి చేరుతుంది. కుదపకుండా పోస్తే పైనున్న తియ్యటి నీళ్ళే పడతాయి, జీలకర్ర వాసన రానే రాదు. టేబుల్ మీద సీసా తీసుకుని నాలుగుసార్లు ఊపి పోసే టీకోలని చూస్తే ఇది అర్థమవుతుంది. ఇక్కడివాళ్ళని టీకోలు అంటారు, వాళ్ళకి అది చేతి అలవాటు.

ఇక అసలు పరీక్ష గాయో పింతో. సోదాలు అని ఇక్కడ చిన్న చిన్న హోటళ్ళుంటాయి, ఎక్కువగా ఒక కుటుంబమే నడుపుతుంది, కౌంటర్ వెనకున్న ఆవిడ ఎవరొచ్చినా "మి అమోర్" అనే పిలుస్తుంది. పొద్దున పూట అక్కడ నల్ల బీన్స్, అన్నం కలిపి వేయించింది ఒక గుట్టలా పెట్టి, పక్కన గుడ్డు, నాతీయా అనే పుల్లటి క్రీమ్, తోర్తియా అనే పల్చటి మొక్కజొన్న రొట్టె, బాగా పండిన పెద్దరటి వేపుడు ముక్కలు ఇస్తారు. అది తింటే మధ్యాహ్నం రెండు దాకా ఆకలి మాట ఉండదు. శాన్ హోసేలో మెర్కాదో సెంత్రాల్ అని 1880 నాటి పాత మార్కెట్ ఉంది, దాని లోపలి సందుల్లో సోదాలు వరసగా ఉంటాయి, ఈ వంట మొదటిసారి తినడానికి అంతకంటే మంచి చోటు నాకు తెలీదు. శాకాహారులైతే ఒకటి అడిగి తినాలి. కొన్నిచోట్ల బీన్స్‌లో పంది కొవ్వు వేస్తారు. "కోన్ మాంతేకా?" అని అడిగితే నిజమే చెప్తారు, ఎవరూ ఏమీ అనుకోరు.

సాస్ సత్తా ఎంతో తేల్చుకోవడానికి ఒకే రోజు, ఒకే అన్నంతో, మూడు చిన్న వాయిలుగా చేసి చూశాను. మొదటిదాంట్లో కడిగేసిన బీన్స్, లిజానో వేశాను, బీన్స్ ఉడికిన రసం వెయ్యలేదు. రెండోదాంట్లో రసం వేశాను, లిజానో వెయ్యలేదు. మూడోదాంట్లో రెండూ. మొదటిది నోట్లో పెట్టుకుంటే సాస్ అన్నం, అంతే. బీన్స్ ఒకవైపు, అన్నం ఒకవైపు, వాటి మధ్య ఏ సంబంధమూ లేదు, పైపెచ్చు తీపి ఎక్కువగా తెలుస్తుంది. రెండోది రంగూ వచ్చింది, మట్టివాసన లాంటి ఆ కమ్మదనమూ వచ్చింది, కడుపు నిండా తినేయొచ్చు, కానీ సగం తిన్నాక కొంచెం పులుపు పడితే బావుండనిపిస్తుంది. మూడోది సోదాలో తిన్నదే. కాబట్టి రెండింట్లో ఏదో ఒకటే ఉండాలంటే నేను రసాన్నే ఉంచుకుంటాను, సీసాని వదిలేస్తాను. సాస్ రివ్యూలో ఇలా రాయడం బాగోదేమో గానీ, ఉన్నమాట ఇది.

అందుకే బీన్స్ ఉడకబెట్టడం గురించి ఎక్కువ చెప్పాలి. అరకిలో నల్ల బీన్స్ రాత్రంతా నానబెట్టండి. నానిన నీళ్ళు పారబోస్తే కొంచెం రంగు పోతుంది, కానీ కడుపు ఉబ్బరం తెచ్చే చక్కెరలు కూడా కొంత పోతాయి. నేను పారబోస్తాను, మా పక్కింటావిడ మాత్రం రంగు పోతుందని ఒప్పుకోదు. కొత్త నీళ్ళు బీన్స్ మీద మూడు వేళ్ళ ఎత్తుకి పోసి, చితక్కొట్టిన నాలుగు వెల్లుల్లి రెబ్బలు, సగం ఉల్లిపాయ, కొత్తిమీర కాడలు వెయ్యండి. కాడలే వెయ్యండి, ఆకు చివర్లో పనికొస్తుంది. ఉప్పు ముందే వేస్తే గింజ గట్టిపడుతుందని చాలామంది అంటారు, అలా ఏం జరగదు. గట్టిపడేది పులుపు వల్ల. టమాటా గానీ, నిమ్మరసం గానీ, ఈ లిజానో గానీ బీన్స్ మెత్తబడేదాకా గిన్నెలోకి పోనివ్వకండి.

మామూలు గిన్నెలో ఉడకబెడదామంటే ఓపిక కావాలి. శాన్ హోసే సముద్రమట్టానికి దాదాపు 1,170 మీటర్ల ఎత్తున ఉంది, ఇక్కడ నీళ్ళు 96 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, అందుకని తీరప్రాంతంలో కంటే ఇంకాస్త ఎక్కువసేపు పడుతుంది, రెండు గంటలు దాటినా ఆశ్చర్యం లేదు. కుక్కర్ అయితే ఇరవై ఐదు నిమిషాల్లో పని అయిపోతుంది. ఇక్కడ దొరికే చాలా కుక్కర్లతో మనవాళ్ళకి ఒక చిక్కుంది, అవి విజిల్ వెయ్యవు. పైనున్న వెయిట్ ఊగుతూ ఆగకుండా బుస్సుమంటూ ఉంటుంది. "ఎన్ని విజిల్స్?" అనే లెక్క ఇక్కడ చెల్లదు, బుస్సుమనడం మొదలైన దగ్గర్నుంచి గడియారం చూసుకోవాలి, మంట తగ్గించాలి. కొత్తలో ఆ శబ్దానికి కుక్కర్ పేలిపోతుందేమోనని టెన్షన్ పడతాం, రెండు వారాల్లో అలవాటైపోతుంది.

స్లో కుక్కర్ ఉన్నవాళ్ళకి ఒక హెచ్చరిక. పచ్చి బీన్స్‌ని, ముఖ్యంగా ఎర్ర రాజ్మాని, నేరుగా అందులో పడేసి ఆఫీసుకి వెళ్ళిపోకండి. వాటిలో ఉండే లెక్టిన్ అనే పదార్థం గట్టిగా మరిగితేనే పోతుంది, స్లో కుక్కర్ వేడి దానికి చాలకపోవచ్చు. పోకపోతే వాంతులు, విరేచనాలు తప్పవు. ముందు స్టవ్ మీద కనీసం పది నిమిషాలు, ఇంకా నిబ్బరంగా ఉండాలంటే అరగంట తెర్లనిచ్చి, తర్వాత అందులో పెట్టుకోండి. నల్లవాటిలో అది తక్కువే అయినా ఈ అలవాటు మంచిదే.

గింజ ఉడికిందా లేదా అన్నది బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కితే తెలుస్తుంది. తొక్క చిట్లకుండా ఉండి, లోపల పిండి పలుకు లేకుండా వెన్నలా నలగాలి. రసం చూస్తే నలుపులో ఊదా కలిసినట్టుండాలి, గరిటె ముంచి తీస్తే వెనకవైపు పల్చటి పొరలా అంటుకోవాలి. నీళ్ళలా జారిపోతుంటే మూత తీసి ఇంకో పది నిమిషాలు మరగనివ్వండి. ఎంత ఉడికించినా గింజ మెత్తబడకపోతే తప్పు మీది కాదు, ఆ బీన్స్ ఏళ్ళ తరబడి షెల్ఫ్‌లో పడున్నవి. ఒక షాపులో డిస్కౌంట్ అని నాకంటగట్టిన ప్యాకెట్ కుక్కర్‌లో రెండుసార్లు పెట్టినా రాళ్ళలాగే మిగిలింది, చివరికి మిక్సీలో వేసి సూప్ చేసుకోవాల్సొచ్చింది. అమ్మకం బాగా ఉండే చోట కొనండి, ప్యాకెట్ లోపల పొడి రాలి ఉంటే వదిలేయండి.

బియ్యం విషయానికొస్తే, ఇక్కడి బియ్యం ప్యాకెట్ మీద 80%, 95%, 99% అని అంకెలుంటాయి. అది పూర్తి గింజ వాటా, మిగతాది నూకలు. 80% ది చవక, రోజూ తినడానికి బానే ఉంటుంది, కానీ పింతోకి నూకలు ఎక్కువైతే ముద్దకట్టేస్తుంది. కనీసం 95% తీసుకోండి. నీళ్ళు కాస్త తగ్గించి పొడిపొడిగా వండి, ఆరబెట్టి, ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు వాడండి. రాత్రంతా బయట వదిలేయకండి, వండిన అన్నంలో పెరిగే ఒక రకం బాక్టీరియా వదిలే విషం మళ్ళీ వేడి చేసినా పోదు. రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి చేరాలి.

ఇవి రెండూ సిద్ధంగా ఉంటే మిగతాది పది నిమిషాల పని. మూకుట్లో నూనె వేడెక్కాక సన్నగా తరిగిన ఉల్లిపాయ, చీలే దుల్సే అనే ఎర్ర క్యాప్సికం వేయించి, ఒక కప్పు బీన్స్, అరకప్పు రసం పోసి ఉడుకు పట్టనివ్వండి. రసం సగానికి ఇంకాక రెండు కప్పుల చల్లన్నం వేసి, గరిటె అంచుతో గడ్డలు విడగొడుతూ కలపండి, గింజలు నలగకూడదు. పులిహోరకి పులుసు పట్టినట్టు మెతుకుకీ మెతుకుకీ ఆ రసం పట్టాలి. అయితే అన్నీ ఒకే నలుపులోకి తిరిగిపోతే రసం ఎక్కువైనట్టు, అక్కడక్కడా తెల్లటి మెతుకులు కనబడుతుండాలి. ఇప్పుడు సీసా బాగా కుదిపి రెండు పెద్ద స్పూన్ల లిజానో. మూకుడు మధ్యలో కాకుండా అంచు వెంబడి పొయ్యండి, వేడి ఇనుముకి తగిలి ఒక్కసారి చుయ్‌మంటుంది, పులుపు ఘాటు ఆవిరై పోయి జీలకర్ర వాసన పైకి లేస్తుంది. ఒక్క నిమిషం కలిపి దించెయ్యండి. ఇందులో చక్కెర ఉంది కాబట్టి పెద్ద మంట మీద అలాగే వదిలేస్తే అడుగంటి చేదెక్కుతుంది. పైన కొత్తిమీర దండిగా వెయ్యండి. ఇక్కడ కొత్తిమీరని కులాంత్రో అంటారు, శాన్ హోసేలోని సపోతె అనే పేటలో ఆదివారం జరిగే రైతుబజారుకి వెళ్తే తాజా కట్టలు దొరుకుతాయి.

గుడ్డు, తోర్తియా, అరటి వేపుడు మీ ఇష్టం. నాతీయా మాత్రం ఒక స్పూన్ అయినా పక్కన పెట్టుకోండి.

డబ్బు లెక్క చూద్దాం. మధ్యాహ్నం సోదాలో కసాదో తింటే, అంటే అన్నం, బీన్స్, సలాడ్, అరటి వేపుడు, ఒక మాంసం ముక్క ఉండే ప్లేటు, 3,000 నుంచి 4,500 కొలోన్ల (ఇక్కడి డబ్బు) దాకా అవుతుంది, టూరిస్టులు తిరిగే చోట ఇంకా ఎక్కువ. అరకిలో బీన్స్ ప్యాకెట్ అంతకంటే చాలా తక్కువకి వస్తుంది. అరకిలో ఎండు గింజలు ఉడికితే సుమారు ఆరు కప్పులకి పైనే అవుతాయి. కప్పు బీన్స్, రెండు కప్పుల అన్నం ఇద్దరికి ఒక పూటకి సరిపోతుంది, అంటే పన్నెండు ప్లేట్లు. కప్పు ఉడికిన నల్ల బీన్స్‌లో 15 గ్రాముల ప్రొటీన్, ఇంచుమించు అంతే పీచు ఉంటాయి. ప్రొటీన్‌లో ఉండే అమైనో ఆమ్లాల్లో, అన్నంలో తక్కువగా ఉండే లైసీన్ బీన్స్‌లో ఉంటుంది, బీన్స్‌లో తక్కువగా ఉండే మెథియోనీన్ అన్నంలో ఉంటుంది. జిమ్‌కి వెళ్తూ ప్రొటీన్ డబ్బాల మీద జీతం తగలేసే మా ఆఫీసు కుర్రాళ్ళకి ఈ లెక్క చెప్తే నవ్వుతారు, నెలాఖరుకి వచ్చి ప్లేటు పట్టుకుని కూర్చునేదీ వాళ్ళే. ఉడికిన బీన్స్ రసంతో సహా చిన్న డబ్బాల్లో పోసి ఫ్రీజర్‌లో పెట్టుకుంటే వారంలో ఏ పొద్దునైనా పని తేలిక. డబ్బా బీన్స్ తొందరలో పనికొస్తాయి, కానీ వాటి రసం పల్చగా, ఉప్పగా ఉంటుంది, ఆ రుచి రాదు.

లిజానో పనికిరాని చోటు కూడా చెప్పాలి. కరీబియన్ తీరాన లిమోన్ వైపు వెళ్తే అక్కడ అన్నం-బీన్స్ పూర్తిగా వేరే వంట. ఆ వంట 1870ల నుంచి రైల్వే పనికి జమైకా నుంచి వచ్చినవాళ్ళ సంతతిది. బియ్యాన్నే బీన్స్‌తో కలిపి కొబ్బరిపాలల్లో ఉడికిస్తారు, థైమ్ అనే సువాసన ఆకు వేస్తారు, చీలే పనామేన్యో అనే మిరపకాయని చిట్లకుండా నిండుగా వేసి చివర్లో తీసేస్తారు. వాసన దిగుతుంది, మంట దిగదు. దాని మీద లిజానో పోస్తే కొబ్బరిపాల తీపి, సాస్ తీపి కలిసి వెగటుగా ఉంటుంది, దయచేసి పొయ్యకండి. నికరాగువా వాళ్ళ పింతోలో కూడా ఇది పడదు, వాళ్ళు ఎర్ర బీన్స్‌ని నూనెలో బాగా వేయించి చేస్తారు. పింతో మాదంటే మాదని రెండు దేశాలూ వాదించుకుంటూనే ఉన్నాయి, ఎవరు పెద్ద గుండిగలో వండుతారో చూద్దామని రికార్డుల పోటీ కూడా పెట్టుకున్నారు. ఇందులో తలదూర్చకండి, ఇద్దరి దగ్గరా తినండి.

మిగతా వాడకాల్లో ఆమ్లెట్ మీదకి, ఉడికించిన యూకా (కర్రపెండలం) మీదకి బావుంటుంది. క్రిస్మస్ రోజుల్లో మొక్కజొన్న పిండితో చేసి అరటాకులో చుట్టిన తమాలెస్ ఇంటింటా చేస్తారు, వాటి మీద టీకోలు లిజానో ధారగా పోస్తారు, అదీ బాగా కుదురుతుంది. చిప్స్ నంజుకోవడానికి మాత్రం నాకు నచ్చలేదు, పల్చగా కారిపోతుంది.

నా మార్కులు 5కి 4. ఒక మార్కు ఆ తీపికి కోసేశా. కారం కావాలనుకునేవాళ్ళు, చక్కెర తగ్గించమని డాక్టర్ చెప్పినవాళ్ళు కొనక్కర్లేదు, బీన్స్ రసం, కొంచెం వేయించిన జీలకర్ర పొడి, చివర్లో నిమ్మచెక్కతో చాలావరకు నెట్టుకురావచ్చు. దేశం వదిలి వెళ్తూ ఒకటి తీసుకెళ్దామనుకుంటే ఎయిర్‌పోర్ట్ దాకా ఆగకండి, ఊళ్ళోనే కొని చెక్-ఇన్ బ్యాగులో పెట్టండి, 280 మి.లీ. సీసాని చేతి సంచీలో వేస్తే సెక్యూరిటీ దగ్గర ఆపేస్తారు. మూత చుట్టూ టేపు వేసి, రెండు ప్లాస్టిక్ కవర్లలో కట్టి, బట్టల మధ్యలో పెట్టాలి. తెల్ల చొక్కాల మధ్య మాత్రం వద్దు, అందులో పసుపుంది.